సంస్థను వీడి నోరు విప్పినవారు: సాక్ష్యం, వెలి, రక్షణ

దేశమంతటికీ వర్తించే సాక్షుల రక్షణ పథకమంటూ మనకు 2018 డిసెంబరు 5 దాకా లేదు. ఆ రోజు సుప్రీంకోర్టు ఒక పథకాన్ని ఆమోదించి, పార్లమెంటు చట్టం చేసేదాకా అదే చట్టంగా చెల్లుతుందని చెప్పింది. ఆ కేసు పేరు మహేందర్ చావ్లా వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. చావ్లా ఒకప్పుడు ఆధ్యాత్మిక గురువు ఆశారాం ఆశ్రమంలో ఉన్నవారు, ఆశారాం కొడుకు నారాయణ్ సాయికి సహాయకుడిగా పనిచేసినవారు. బయటికొచ్చి, ఆ తండ్రీకొడుకులపై అత్యాచార కేసుల్లో సాక్ష్యానికి సిద్ధపడ్డాక 2015 మేలో పానిపట్ జిల్లాలో సొంత ఇంట్లోనే ఆయనపై కాల్పులు జరిగాయి. గాయాలతో బయటపడి కోర్టు మెట్లెక్కారు. దేశంలో తీవ్ర నేరాలకు సాక్షులుగా నిలబడేవారికి ఈనాడు దొరికే రక్షణ వెనక, ఒక ఆశ్రమాన్ని వదిలి వచ్చినవాళ్ల నెత్తురు ఉంది.

మతసంస్థను వదిలి దాని గురించి బహిరంగంగా మాట్లాడినవాళ్ల విషయంలో చర్చ రెండు శతాబ్దాలుగా సాగుతోంది. అయినా చిక్కు వీడకపోగా ముడి బిగుసుకుంటోంది. కారణం, వేరువేరుగా అడగవలసిన మూడు ప్రశ్నలను ఒక్కటిగా అడగడం. వాళ్లు చెప్పేది నిజమేనా? చెప్పినందుకు సంస్థ వాళ్లను ఏంచేయవచ్చు, ఏంచేయకూడదు? చెప్పాక వాళ్ల బతుకుకు ఎవరు పూచీ? మొదటి ప్రశ్నకు జవాబు తేలేదాకా మిగతా రెండూ ఆగాలన్న ధోరణి పండితుల్లోనూ ఉంది, ప్రభుత్వాల్లోనూ ఉంది. ఈ సమీక్ష ఆ ధోరణిని ఒప్పుకోదు. మాట నిజమో కాదో విచారణలో తేలుతుంది. మాట్లాడిన మనిషి క్షేమం మాత్రం విచారణ మొదలవకముందే తేలాలి.

అనుమానానికీ చరిత్ర ఉంది

మాజీ సభ్యుల మాటను అనుమానించేవాళ్లు ఊరికే అనుమానించడం లేదు. 1834 ఆగస్టులో అమెరికాలో, బోస్టన్ పక్కనున్న చార్ల్స్‌టౌన్‌లో ఉర్సులైన్ నన్‌ల కాన్వెంటును ఒక గుంపు తగలబెట్టింది. అక్కడ కొన్ని నెలలుండి వెళ్లిపోయిన రెబెకా రీడ్ అనే యువతి చెప్పిన కథలు అప్పటికే ఊళ్లో తిరుగుతున్నాయి. మరుసటి ఏడు అవే పుస్తకమయ్యాయి. 1836లో మరియా మాంక్ అనే ఆమె, మాంట్రియల్ కాన్వెంటులో తాను నన్‌గా ఉన్నాననీ అక్కడ పసిగుడ్లను చంపి పాతిపెట్టారనీ రాసిన పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. విలియం స్టోన్ అనే ప్రొటెస్టెంటు పత్రికా సంపాదకుడు స్వయంగా మాంట్రియల్ వెళ్లి, ఆ కాన్వెంటు గదులన్నీ తిరిగి చూసి, పుస్తకంలోని వర్ణనకూ ఆ కట్టడానికీ పొంతనే లేదని ప్రకటించాడు. ఆనాటి అమెరికాలో కాథలిక్కులు చాలావరకు పేద వలసజీవులు, అల్పసంఖ్యాకులు. వాళ్లమీద కోపం ముందే ఉంది. రీడ్, మాంక్‌ల కథలు ఆ కోపానికి సాకు ఇచ్చాయి.

రెండో అనుభవం సరిగ్గా దీనికి ఎదురు. అమెరికా పాస్టర్ జిమ్ జోన్స్ తన పీపుల్స్ టెంపుల్ అనుచరులను గయానా అడవుల్లోకి తీసుకెళ్లి జోన్స్‌టౌన్ అనే కాలనీ కట్టించాడు. అక్కడినుంచి తప్పించుకుని వచ్చిన డెబొరా లేటన్ 1978 జూన్‌లో ప్రమాణపత్రం దాఖలు చేసింది. అందరూ కలిసి చావడానికి అక్కడ రిహార్సళ్లు చేయిస్తున్నారని అందులో స్పష్టంగా ఉంది. బంధువులు సంఘంగా ఏర్పడి అధికారుల చుట్టూ తిరిగారు. చివరికి కదిలిన ఒక్క అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో రయాన్ స్వయంగా గయానా వెళ్లి, నవంబరు 18న అక్కడే కాల్పుల్లో చనిపోయాడు. అదే రోజు జోన్స్‌టౌన్‌లో 909 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో మూడు వందల మందికి పైగా పిల్లలు. 1975లోనే సంస్థను వీడి, దాని గుట్టు పత్రికలకు చెప్పి, తమలాంటివారికి ఆశ్రయమిచ్చిన జీనీ మిల్స్ దంపతులు కూతురితో సహా 1980లో కాలిఫోర్నియాలోని సొంత ఇంట్లో హత్యకు గురయ్యారు. ఆ కేసు ఇప్పటికీ తేలలేదు.

కట్టుకథను నమ్మితే ఏమవుతుందో మొదటి అనుభవం చూపిస్తే, నిజాన్ని నమ్మకపోతే ఏమవుతుందో రెండోది చూపించింది. తర్వాత వచ్చిన ప్రతి సిద్ధాంతమూ ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని ఎక్కువగా, రెండోదాన్ని తక్కువగా గుర్తుపెట్టుకుంది.

పండితుల మధ్య తగాదా

మొదటి పక్షం మానసిక వైద్యులది. చైనా కమ్యూనిస్టుల భావ సంస్కరణ శిబిరాల్లో గడిపినవాళ్లను పరిశీలించి రాబర్ట్ లిఫ్టన్ 1961లో రాసిన పుస్తకం దీనికి పునాది. మనిషిని చుట్టూ ఉన్న లోకం నుంచి విడదీసి, పాపభీతి పెంచి, పదేపదే తప్పులు ఒప్పించి, సొంత ఆలోచన చచ్చిపోయేలా చేయవచ్చని ఆయన చూపించాడు. మార్గరెట్ సింగర్ వంటివారు దీన్ని 1970ల నాటి కొత్త మతసంస్థలకు వర్తింపజేశారు. ఈ లెక్కన బయటికొచ్చినవాడు బాధితుడు, అతని మాట వైద్యుడి ముందు రోగి చెప్పుకున్న మాటంత విలువైనది. అయితే ఈ వాదం నీడలోనే ఒక ఘోరం పెరిగింది. ఈడొచ్చిన పిల్లలను తల్లిదండ్రులే మనుషులను పెట్టి ఎత్తుకొచ్చి, గదుల్లో బంధించి, నమ్మకం విడిచేదాకా వేధించే పద్ధతి అమెరికాలో ఏళ్ల తరబడి నడిచింది. సింగర్ అధ్యక్షతన వేసిన సంఘం నివేదికను అమెరికన్ మనోవైజ్ఞానిక సంఘం 1987లో శాస్త్రీయ పటిమ చాలదని తిప్పి పంపింది. ఇలా బంధించిన ఒక కేసులో పరిహారం కట్టలేక, ఆ ఉద్యమానికి పెద్దదిక్కయిన కల్ట్ అవేర్‌నెస్ నెట్‌వర్క్ 1996లో దివాలా తీసింది. ఆ పేరు చివరికి సైంటాలజీ అనే కొత్త మతసంస్థతో సంబంధమున్నవారి చేతుల్లోకే వెళ్లింది. సాయం కోసం ఆ పేరుకు ఫోన్ చేసే మాజీ సభ్యుడికి దాని అర్థమేమిటో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో పక్షం మత సామాజికశాస్త్రవేత్తలది. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన బ్రయాన్ విల్సన్ దీనికి కఠినమైన గొంతు. వదిలి వెళ్లినవాడు తన పాత నిర్ణయానికి సంజాయిషీ చెప్పుకోవాలి కాబట్టి, తనను మోసగించారన్న కథను అల్లుకుంటాడనీ, అందువల్ల అతన్ని నిష్పాక్షిక సాక్షిగా తీసుకోలేమనీ ఆయన వాదం. డేవిడ్ బ్రోమ్లీ, ఆన్సన్ షూప్ ఇలాంటి కథనాలను ఘోరకథలన్న కోవలో పెట్టి, అవి బయటి ఉద్యమాల అవసరాలకు తగ్గట్టు రూపుదిద్దుకుంటాయన్నారు. 1998లో బ్రోమ్లీ సంపాదకత్వంలో వచ్చిన సంకలనం ఒక పనికొచ్చే విభజన చేసింది: చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయేవారు, లోపలి తప్పును అధికారుల దృష్టికి తెచ్చేవారు, సంస్థను ఎదిరించే కూటమిలో చేరి పోరాడేవారు. స్టువర్ట్ రైట్ 1980లలో తమంతట తామే బయటికొచ్చిన 45 మందిని కలిసి మాట్లాడితే, మూడింట రెండు వంతుల మంది ఆ అనుభవం తమకు తెలివి నేర్పిందన్నారు. తమను మోసగించారనో మెదడు మార్చేశారనో అన్నవాళ్లు పదోవంతు కూడా లేరు. అంటే మనకు వినబడే గొంతులు బయటికొచ్చిన అందరివీ కావు. ఈ మాట నిజం, ముఖ్యం కూడా. కానీ దీన్నుంచి నోరు విప్పినవాళ్లు అబద్ధమాడుతున్నారన్న నిర్ణయానికి దారి లేదు. ఏ గొడవా లేకుండా వెళ్లిన తొమ్మిదిమంది ఉన్నంతమాత్రాన పదోవాడికి జరిగింది జరగకుండా పోదు.

ఇక్కడే మూడో పక్షం అడ్డుతగిలింది. బెంజమిన్ జబ్లొకి ఒకే రకం మతసముదాయాల్లో ఉన్నవాళ్ల మాటనూ వెళ్లిపోయినవాళ్ల మాటనూ పక్కపక్కన పెట్టి చూసి, జరిగిన విషయాలు చెప్పడంలో విశ్వసనీయత రెండువైపులా దాదాపు ఒకటేనన్నాడు. ఇజ్రాయెల్ మనోవిజ్ఞాని బెన్యమిన్ బెయిట్-హల్లామి మరీ సూటిగా అడిగాడు: జోన్స్‌టౌన్ నుంచి జపాన్‌లోని ఓమ్ షిన్‌రిక్యో దాకా, పెద్ద దుర్ఘటనల ఆనవాళ్లను ముందుగా బయటపెట్టింది మాజీ సభ్యులూ విలేకరులూ అయితే, పరిశోధకులు ఏంచేస్తున్నట్టు? 1995లో టోక్యో మెట్రోలో ఓమ్ సంస్థ విషవాయువు వదిలాక కూడా, సంస్థ ఖర్చులమీదే జపాన్ వెళ్లి దానికి మద్దతుగా మాట్లాడిన అమెరికన్ పండితులున్నారు. విల్సన్ 1994లో మాజీ సభ్యుల విశ్వసనీయతపై రాసిన వ్యాసాన్ని అచ్చువేసింది సైంటాలజీ ప్రచురణ విభాగమే. మాజీ సభ్యుల వెనక ఎవరున్నారని అడిగేవాళ్లు, పండితుల వెనక ఎవరున్నారో కూడా అడగాలి కదా.

మూడు పక్షాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటిది బాధను అర్థం చేసుకుంది కానీ మనిషి స్వేచ్ఛను చిన్నబుచ్చింది, అపహరణలను చూసీ చూడనట్టు ఊరుకుంది. రెండోది కథలు ఎలా తయారవుతాయో బాగా చూపింది, కథ చెప్పినవాడికి తర్వాత ఏమయిందో మాత్రం పట్టించుకోలేదు. మూడోది సాక్ష్యాన్ని సాక్ష్యంలాగే పరీక్షించమంది: తేదీలు, కాగితాలు, ఒకరినొకరు ఎరగని ఇద్దరి మాటల్లో పోలిక. నిలబడేది ఇదే. పోలీసుస్టేషన్‌లోనైనా పత్రికాఫీసులోనైనా మనం ఏ ఫిర్యాదునైనా చూడవలసిన తీరు ఇంతే. మాజీ సభ్యుడన్న పేరుతో ఎక్కువ నమ్మకమూ అక్కర్లేదు, ఎక్కువ అనుమానమూ అక్కర్లేదు.

నోరు విప్పాక జరిగేవి

తర్వాతి బతుకు విషయంలో చర్చ పలచబడుతుంది. హెలెన్ రోజ్ ఎబా వంటివారు మినహాయింపు. ఒకప్పుడు నన్‌గా ఉండి బయటికొచ్చిన ఈ సామాజికశాస్త్రవేత్త, మనిషి ఒక పాత్రను విడిచాక కూడా ఆ ‘మాజీ’ తనం జీవితాంతం వెంటే ఉంటుందని 1988లో పుస్తకమే రాసింది. నోరు విప్పినవాళ్ల విషయంలో ఆ బరువు రెట్టింపవుతుంది. ఎందుకంటే సంస్థ వాళ్లను మరిచిపోదు.

మన దేశంలో ఈ వేటకు అందరికీ తెలిసిన రూపం తుపాకీ. ఆశారాం కేసుల్లో ఒకప్పటి ఆశ్రమ వైద్యుడిని 2014లో రాజ్‌కోట్‌లో కాల్చారు, తర్వాత ఆయన చనిపోయారు. ఒకప్పటి వంటమనిషిని 2015 జనవరిలో ముజఫర్‌నగర్‌లో, మరో సాక్షిని అదే ఏడు జూలైలో షాజహాన్‌పూర్‌లో కాల్చిచంపారు. జోధ్‌పూర్ కోర్టు ఆవరణలోనే కత్తిపోట్లకు గురైన ఇంకో సాక్షి, 2015 నవంబరు నుంచి కనిపించకుండా పోయాడు. ఇంత జరిగినా అత్యాచార ఫిర్యాదు చేసిన బాలికా ఆమె కుటుంబమూ మాట మార్చలేదు. 2018 ఏప్రిల్ 25న జోధ్‌పూర్ కోర్టు ఆశారాంకు యావజ్జీవ శిక్ష వేసింది.

డేరా సచ్చా సౌదా అనే మతసంస్థ కథ మరీ పొడుగు. డేరా అధిపతి అత్యాచారం చేశాడంటూ 2002లో ఒక సాధ్వి పేరు లేకుండా ప్రధాని వాజపేయికి ఉత్తరం రాసింది. దాన్ని అచ్చువేసిన ‘పూరా సచ్’ సంపాదకుడు రామ్‌చందర్ ఛత్రపతిని ఆ అక్టోబరులో ఇంటి ముందే కాల్చారు, నవంబరులో ఆయన మరణించారు. ఉత్తరం బయటికి రావడం వెనక ఉన్నాడని అనుమానించిన డేరా మాజీ మేనేజరు రంజిత్ సింగ్ అప్పటికే జూలైలో హత్యకు గురయ్యాడు. అత్యాచారం కేసులో అధిపతికి శిక్ష పడింది 2017 ఆగస్టులో. ఉత్తరానికీ తీర్పుకూ మధ్య పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లూ ఇద్దరు స్త్రీలు పేరు దాచుకుని, పెళ్లిళ్లయి, పిల్లల తల్లులై, అత్తింటివాళ్లకు నచ్చజెప్పుకుంటూ సాక్ష్యం మీద నిలబడ్డారు. ఛత్రపతి హత్యకేసులో ప్రత్యేక కోర్టు 2019లో డేరా అధిపతిని దోషిగా తేల్చింది. రంజిత్ సింగ్ కేసులో 2021లో వేసిన శిక్షను పంజాబ్, హర్యానా హైకోర్టు 2024లో కొట్టేసి నిందితులందరినీ నిర్దోషులుగా విడిచింది. డేరాలో డ్రైవరుగా పనిచేసిన ఖట్టా సింగ్ ఒకప్పుడు మాట మార్చి, 2017 శిక్ష తర్వాత భయంతో అలా చేశానంటూ మళ్లీ ముందుకొచ్చాడు. సాక్షి మాట మారితే అబద్ధికుడని కొట్టేయడం తేలిక. ఆ మార్పు వెనక ఉన్న భయాన్ని లెక్కగట్టే కొలబద్ద మన కోర్టుల్లో ఇంకా సరిగా తయారుకాలేదు.

తుపాకీ లేకుండానే మనిషిని అరగదీసే దారి కోర్టు కేసులది. సైంటాలజీని వీడిన లారెన్స్ వోలర్‌షైమ్ 1980లో ఆ సంస్థమీద దావా వేశాడు. తన వ్యాపారాన్ని సంస్థ పనిగట్టుకుని నాశనం చేసిందన్నది ఫిర్యాదు. 1986లో జ్యూరీ మూడు కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. పైకోర్టు 1989లో దాన్ని 25 లక్షలకు తగ్గించినా, విమర్శకులను వేటాడే పద్ధతికి మతస్వేచ్ఛ రక్షణగా నిలవదని తేల్చిచెప్పింది. వడ్డీతో కలిపి డబ్బు చేతికొచ్చేసరికి 2002. గెలిచిన మనిషికి ఇరవై రెండేళ్లు పట్టింది. ఇంతకాలం నిలబడే ఓపిక, వకీళ్లు, డబ్బు ఎందరికుంటాయి? ఓడిపోతామన్న భయం కంటే, గెలుపు ఇంత దూరమన్న ఎరుకే చాలామంది నోరు నొక్కుతుంది.

కేరళ కథ ఇంకో రకం. 2018 సెప్టెంబరులో ఒక బిషప్‌పై వచ్చిన అత్యాచార ఫిర్యాదులో చర్య తీసుకోవాలంటూ కొచ్చిలో నన్‌లు ధర్నాకు కూర్చున్నారు. వాళ్లకు మద్దతుగా వెళ్లిన సిస్టర్ లూసీ కళప్పురను 2019 ఆగస్టులో ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభ బహిష్కరించింది. డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవడం, కారు కొనడం, అనుమతి లేకుండా కవితలు అచ్చువేయించడం వంటి క్రమశిక్షణ కారణాలు సభ చూపింది. నన్‌ల పక్షాన నిలిచినందుకే ఇదంతా అని ఆమె అంది. వాటికన్‌కు చేసుకున్న అప్పీళ్లు తోసివేతకు గురయ్యాయి. బిషప్‌ను 2022 జనవరిలో కొట్టాయం కోర్టు నిర్దోషిగా విడిచింది. దానిపై అప్పీలు దాఖలైంది. లూసీ మాత్రం కాన్వెంటు వదలనని కోర్టుకెళ్లి, తనను వెలివేసినవాళ్ల మధ్యే ఉండిపోయింది. దశాబ్దాల సేవ తర్వాత తలదాచుకునే గది కోసం ఒక నన్ కోర్టుకెళ్లవలసి రావడం, సన్యాస జీవితంలో సొంత ఆస్తి లేకపోవడం ఎంత పెద్ద సంకెలో చూపిస్తుంది. పేదరికపు ప్రతిజ్ఞ తీసుకున్నవాళ్లకు విమర్శ చేసే స్వాతంత్ర్యం కూడా ఆర్థికంగా ఖరీదైనదే. మన మఠాల్లో, ఆశ్రమాల్లో చిన్నప్పుడే చేరి అక్కడే ముసలివాళ్లయినవాళ్లందరి స్థితీ ఇంతే.

తలుపు మూసే హక్కు

తుపాకీ నేరమని అందరూ ఒప్పుకుంటారు. తల్లి మాట్లాడటం మానేస్తే? అంగట్లో సరుకు ఇవ్వకపోతే? చావుకు ఎవరూ రాకపోతే? చర్చలో ఎక్కువ కాలం, ఎక్కువ నిజాయితీతో నడిచిన వాదం ఇదే.

యెహోవాసాక్షుల సంఘంలో బహిష్కరణకు గురైనవారితో సభ్యులు సహవాసం మానుకోవాలని బోధ ఉంది. సంఘపు పరిపాలక సభలో దాదాపు తొమ్మిదేళ్లున్న రేమండ్ ఫ్రాంజ్‌నే 1981లో వెలివేశారు. సంఘానికి రాజీనామా ఇచ్చిన తన యజమానితో కలిసి భోజనం చేశాడన్నది నేరం. కెనడాలో ఒక రియల్ ఎస్టేట్ ఏజెంటును వెలివేస్తే, సంఘస్థులైన ఖాతాదారులు దూరమై వ్యాపారం దెబ్బతింది. కెనడా సుప్రీంకోర్టు 2018లో, స్వచ్ఛంద మతసంఘం తన సభ్యత్వం గురించి తీసుకున్న నిర్ణయంలో కోర్టులు తలదూర్చలేవంది. బెల్జియంలోని ఘెంట్ కోర్టు 2021లో ఈ వెలిని వివక్షగా భావించి 96,000 యూరోల జరిమానా వేస్తే, మరుసటి ఏడు పైకోర్టు దాన్ని రద్దుచేసింది. నార్వే ప్రభుత్వం 2022లో గుర్తింపునూ నిధులనూ ఆపేస్తే, కింది కోర్టు 2024లో ప్రభుత్వం వైపు, అప్పీలు కోర్టు 2025 మార్చిలో సంఘం వైపు తీర్పిచ్చాయి. న్యాయమూర్తులకే రెండు మనసులున్నాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

భారత అనుభవం వీటికంటే పాతది, లోతైనది. దావూదీ బోహ్రా ముస్లింలలో మతాధిపతి సయ్యద్నా విధించే బరాత్ అనే వెలివల్ల పెళ్లి జరగదు, మసీదులోకి రానివ్వరు, ఖబ్రస్తాన్‌లో చోటు దొరకదు. 1949లో బొంబాయి రాష్ట్రం ఇటువంటి వెలినే నిషేధిస్తూ చట్టం చేసింది. 1962లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు దాన్ని కొట్టేశారు. మతశాఖ తన విశ్వాసాన్ని కాపాడుకోవడానికి వెలి అవసరం కావచ్చన్నది వాళ్ల వాదం. ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒక్కరే విభేదించారు. వెలికి గురైన మనిషి తన సమాజంలో అంటరానివాడవుతాడనీ, దాన్ని ఆపడం రాజ్యాంగ స్ఫూర్తేననీ ఆయన రాశారు. అరవై ఏళ్ల తర్వాత చదివినా అందులో కాలం చెల్లిన మాట కనబడదు.

అస్ఘర్ అలీ ఇంజినీర్ జీవితం ఈ చర్చకు ఒక ముఖ్యమైన కొత్త కోణం ఇస్తుంది. బోహ్రా మతగురువు కుటుంబంలో పుట్టి, ఉదయ్‌పూర్‌లో 1970ల తొలినాళ్లలో మొదలైన సంస్కరణోద్యమానికి ఆయన గొంతయ్యారు. వెలికి గురయ్యారు, దాడులకు గురయ్యారు. 2000లో ముంబైలో ఆయన ఇల్లూ కార్యాలయమూ ధ్వంసమయ్యాయి. అయినా ఇస్లాంను వదల్లేదు. మతఘర్షణలమీద దశాబ్దాలపాటు ఊరూరా తిరిగి నివేదికలు రాశారు, ముస్లింలపై హింసను ఎక్కడ చూసినా ఎత్తిచూపారు. తమ సంస్థను విమర్శిస్తే ఆ విమర్శను తమ మతంపైనే ద్వేషానికి వాడుకుంటారన్న భయం అల్పసంఖ్యాక వర్గాల్లోని అసమ్మతివాదులందరికీ ఉంటుంది. మరియా మాంక్ కాలంలో ఆ భయం నిజమైంది. ఇంజినీర్ మతాధికారాన్నీ, మతద్వేషాన్నీ ఒకే జీవితంలో ఎదిరించి, రెండూ సాధ్యమేనని చేసి చూపించారు. 2013లో ఆయన మరణించారు. నాథ్వానీ కమిషన్ 1979లో బోహ్రాల బాధలను విచారించి ఇచ్చిన నివేదిక, 1986లో సుప్రీంకోర్టులో పడిన వ్యాజ్యం ఆ పోరాటపు మైలురాళ్లు. 2023 ఫిబ్రవరిలో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ వ్యాజ్యాన్ని శబరిమల అంశాలు చూసే తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపింది. మధ్యలో మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణను నేరం చేస్తూ చట్టం తెచ్చింది. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా.

నా అభిప్రాయంలో గీత ఎక్కడ గీయాలో కొంత స్పష్టంగానే కనిపిస్తుంది. ఫలానావాడు మా సంఘస్థుడు కాడని చెప్పే హక్కు సంఘానికి ఉండాలి. తల్లి కొడుకుతో మాట్లాడాలని ఏ కోర్టూ ఆదేశించలేదు, ఆదేశించకూడదు కూడా. కానీ మాట్లాడిన తల్లిని కూడా వెలివేస్తామని బెదిరించడం, అంగట్లో సరుకు ఇవ్వొద్దని చాటింపు వేయడం, శవానికి గుంత దొరక్కుండా చేయడం సభ్యత్వ విషయాలు కావు. అవి మూడోమనిషి స్వేచ్ఛనూ, ఊరి వనరులనూ గుప్పిట పట్టడం.

తెలుగు నేలమీద

వెలి అంటే ఏమిటో మనకు వేరే దేశం చెప్పనక్కర్లేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆయనతో నిలబడినవాళ్లకు వంటవాళ్లూ నీళ్లు మోసేవాళ్లూ పురోహితులూ దొరక్కుండా చేశారు. ఇప్పటికీ ఉత్తర తెలంగాణ పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు కుటుంబాలను బహిష్కరించాయన్న ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి. మతసంస్థ వేసినా, కుల పెద్దలు వేసినా, కమిటీ వేసినా వెలి పనిచేసే తీరు ఒక్కటే.

మనకు దగ్గరైన, చెప్పడానికి కష్టమైన ఉదాహరణ పుట్టపర్తి. 2000 ప్రాంతంలో విదేశీ మాజీ భక్తులు కొందరు సత్యసాయి బాబాపై లైంగిక ఆరోపణలు చేశారు. 2000 సెప్టెంబరులో పుట్టపర్తిలో జరిగే విద్యా సదస్సు నుంచి యునెస్కో తప్పుకుంది. 2004లో బీబీసీ డాక్యుమెంటరీ వచ్చింది. సంస్థ అన్నిటినీ ఖండించింది. డాక్యుమెంటరీకి ముందే, అప్పటి ప్రధాని వాజపేయి, మాజీ ప్రధాన న్యాయమూర్తులు భగవతి, రంగనాథ్ మిశ్రా తదితరులు ఆ ఆరోపణలు కల్పితాలంటూ బహిరంగ లేఖపై సంతకాలు చేశారు. 2011లో బాబా మరణించేదాకా ఏ భారతీయ కోర్టూ వాటిపై విచారణ జరపలేదు. అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు తాగునీరిచ్చిన సంస్థ అది, ఆ నీళ్లు తాగినవాళ్ల కృతజ్ఞత నిజం. అయితే నీళ్లిచ్చారన్నది ఆరోపణకు జవాబు కాదు, ఆరోపణ వచ్చిందన్నది నేరానికి రుజువూ కాదు. దేశ ప్రధానే ముందుగా కల్పితమని సంతకం పెట్టేస్తే, ఊళ్లో పోలీసు అధికారి ఏ ధైర్యంతో ఫిర్యాదు రాసుకుంటాడు? విచారణ జరగనందువల్ల ఇరుపక్షాలకూ అన్యాయమే జరిగింది. ఆరోపించినవాళ్లకు వినబడే అవకాశం దక్కలేదు, భక్తులకు తమ గురువు పేరు నిష్కళంకమని నిరూపించుకునే వేదిక దక్కలేదు.

తేలనివి

రక్షణ ఎంతకాలం అన్నది మొదటిది. 2018 పథకం కింద జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీ పోలీసు నివేదిక చూసి రక్షణ ఇస్తుంది, ఒక్కో ఉత్తర్వు మూడు నెలలకు మించకూడదు, అవసరాన్నిబట్టి పొడిగించాలి. కేసేమో పదిహేనేళ్లు నడవవచ్చు. శిక్ష పడ్డాక కూడా పెరోళ్లు, ఫర్లోలు, మధ్యంతర బెయిళ్లు ఉంటాయి. నిందితుడు లోపలున్నా అనుచరగణం బయటే ఉంటుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రమూ సొంత సాక్షి రక్షణ పథకం తేవాలి. ఆ పథకాల్లో తీర్పు తర్వాతి కాలాన్ని ఎవరు, ఎలా చూస్తారో స్పష్టంగా రాయాలి.

డబ్బు తీసుకుని మౌనంగా ఉంటామన్న ఒప్పందాలు రెండోది. వాటివల్ల బాధితుడికి ఇల్లు గడుస్తుంది, తర్వాతి బాధితుడికి హెచ్చరిక అందకుండా పోతుంది. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం న్యాయం కాదు. నేర విచారణను ఆపే ఒప్పందాలు చెల్లవన్న సూత్రం చట్టంలో ఉన్నా, ఈ చిక్కు తీరలేదు.

అన్నిటికంటే గట్టి చిక్కు పిల్లలది. వెలిని సమర్థించే ప్రతి వాదమూ సభ్యుడు తెలిసి చేరాడన్న మాటమీదే నిలబడుతుంది. లోపలే పుట్టి, లోపలి బడిలోనే చదివి, పదిహేనేళ్లకు బాప్తిస్మం తీసుకున్నవాడు ఏం తెలిసి చేరాడు? నార్వే ప్రభుత్వం గుర్తింపు రద్దుచేసింది ప్రధానంగా ఈ మైనర్ల ప్రశ్నమీదే, అప్పీలు కోర్టు మరోలా చూసింది. బోహ్రా పిల్లలు యుక్తవయసు రాగానే సయ్యద్నాకు విధేయత ప్రకటించే మిసాక్ ఇస్తారు. తొమ్మిదిమంది న్యాయమూర్తుల ముందుకు వెళ్లిన బోహ్రా వ్యాజ్యంలో వాదించే వకీళ్లు మతశాఖ హక్కు, వ్యక్తి హక్కు అన్న రెండు మాటలతో సరిపెట్టకుండా, ఆ వయసులో చేసిన ప్రమాణం నలభై ఏళ్లకు నోరు విప్పిన మనిషిని ఎంతవరకు కట్టిపడేస్తుందో ధర్మాసనాన్ని సూటిగా అడగాలి.